బ్యాండికూట్ అంటే మన పందికొక్కేనా? సిడ్నీలో మా బావ పెట్టబోయిన ఎలకల మందు కథ

ఈ వారం గోదావరి వరదల మీద చేస్తానని చెప్పాను. అది వచ్చే వారానికి జరిపాను, ఏమీ అనుకోకండి. పోయిన నెల మా బావ దగ్గర్నుంచి ఒక ఫోన్ వచ్చింది. అప్పట్నుంచి నా బుర్రలో ఇదే తిరుగుతోంది.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరని మీకు తెలుసు కదా. మా అక్కా బావా సిడ్నీలో ఉంటారు. సిటీకి ఉత్తరం వైపు, అడవిని ఆనుకుని ఉండే ఇళ్ళు అవి. ఒకరోజు మనకి పొద్దున్న ఏడున్నర, వాళ్ళకి మధ్యాహ్నం, వీడియో కాల్ చేశాడు. హలో కూడా అనకుండా ఫోన్ తిప్పి పెరట్లో లాన్ చూపించాడు. పచ్చగడ్డి నిండా కన్నాలు.

"చూడరా, ఇక్కడికి కూడా దాపురించాయి పందికొక్కులు. పక్కింటాయన బ్యాండికూట్ అన్నాడు. గూగుల్ చేస్తే ఆ మాట తెలుగు పందికొక్కు నుంచే వచ్చిందని ఉంది. మామయ్యగారు చేలో ఎర ఎలా కలిపేవారో ఓసారి అడిగి చెప్పు, ఈ రాత్రికే పెట్టేస్తాను."

నాన్న నా పక్కనే కాఫీ తాగుతున్నారు. ఫోన్ తీసుకుని ఆ కన్నాలకేసి కాసేపు చూశారు. "అల్లుడుగారూ, ఆ కన్నంలో వేలు పెట్టి చూడండి" అన్నారు. బావ పెట్టాడు. రెండు మూడు అంగుళాలు దిగి ఆగిపోయింది. పైన వెడల్పు, కింద సన్నం, అచ్చం గరాటు లాగా. "తవ్విన మట్టి కుప్ప ఏదండీ? లోపలికి దారి ఏదండీ? ఇది పందికొక్కు కన్నం కాదండీ. పందికొక్కు ఇల్లు కట్టుకోడానికి తవ్వుతుంది. ఇదేదో తిండి కోసం గోకింది" అన్నారు.

నలభై ఏళ్ళు వరి గట్ల మీద తిరిగిన మనిషి. సిడ్నీ ఎప్పుడూ చూడలేదు. కన్నం చూసి జంతువు అది కాదని చెప్పేశారు. "అయితే అదేంటి?" అని నేను మొదలుపెట్టాను.

ముందు పేరు సంగతి. గూగుల్ చెప్పింది నిజమే. ఇంగ్లీషులో బ్యాండికూట్ అన్న మాట మన తెలుగు పందికొక్కే. డిక్షనరీలన్నీ ఒప్పుకుంటాయి. ఇంగ్లీషు వాళ్ళు 1611లోనే మచిలీపట్నంలో దుకాణం తెరిచారు. తర్వాత మన నరసాపురం పక్కనున్న మాధవాయపాలెంలో కూడా వ్యాపారం చేశారు. అక్కడి నేత బట్టకి ఆ ఊరి పేరే పెట్టి మడపోలం అని ప్రపంచమంతా అమ్మారు. బట్టతో పాటు మాటలు కూడా ఓడెక్కాయి. వాళ్ళ గోదాముల్లో గోనె సంచులు కొరికేసే ఇంత లావు ఎలకని మనవాళ్ళు పందికొక్కు అంటుంటే వాళ్ళ నోట్లో అది బ్యాండికూట్ అయింది. శాస్త్రవేత్తలు కూడా దాన్నే తీసుకున్నారు. మన పందికొక్కు జాతికి లాటిన్ పేరు బ్యాండికోటా.

ఇంతవరకూ బానే ఉంది. అసలు గొడవ ఇక్కడ మొదలైంది. ఇంగ్లీషు వాళ్ళు ఆస్ట్రేలియా వెళ్ళారు. అక్కడ పొడుగు మూతితో మట్టి గోకుతున్న ఒక చిన్న జంతువు కనబడింది. ఇండియాలో చూసిన పందికొక్కు గుర్తొచ్చింది. అదే పేరు తగిలించేశారు. 1799లో జార్జ్ బాస్ అనే నావికుడి రాతల్లోనే అక్కడి జంతువుకి ఈ పేరు కనిపిస్తుంది. అక్కడి ఆదివాసీలకి వాటికి సొంత పేర్లు లేవా అంటే శుభ్రంగా ఉన్నాయి. పెర్త్ వైపు నూంగార్ ప్రజలు క్వెండా అంటారు, ఆ పేరు ఇప్పటికీ వాడుకలో ఉంది. కానీ మిగతా దేశమంతా మన పేరే అతుక్కుపోయింది. ఆస్ట్రేలియా ఇంగ్లీషులో ఆ మాట క్రియగా కూడా వాడతారు తెలుసా? బంగాళాదుంప మొక్కని పైన కదపకుండా కింద నుంచి దుంపలు దొంగతనంగా తవ్వుకుపోతే దాన్ని బ్యాండికూట్ చెయ్యడం అంటారు.

గేమ్స్ ఆడేవాళ్ళు ఈపాటికి కామెంట్‌లో రాసేసి ఉంటారు, క్రాష్ బ్యాండికూట్ అని. అవును, వాడే. 1996లో ప్లేస్టేషన్ కోసం వచ్చిన గేమ్. తయారు చేసేటప్పుడు వాణ్ణి వాంబాట్ అనుకున్నారు, తర్వాత బ్యాండికూట్ చేశారు. ఆరెంజ్ రంగు, చేతికి గ్లవ్స్. అంటే ప్రపంచంలో కోట్లమంది పిల్లలు తెలుగు మాట పలుకుతూ గేమ్ ఆడారన్నమాట. వాడు పందికొక్కు కాదు. ఆస్ట్రేలియా జంతువు. ఎలక కూడా కాదు.

ఎలక కాదంటే ఎంత కాదు? ఆ బ్యాండికూట్ మార్సూపియల్, అంటే కంగారూలా పొట్టకి సంచి ఉన్న జంతువుల్లో చిన్నది. సంచి జంతువుల వంశమూ మిగతా క్షీరదాల వంశమూ విడిపోయి 10 కోట్ల ఏళ్ళకి పైనే అయింది. మన వంశమూ ఎలకల వంశమూ విడిపోయింది ఆ తర్వాత చాలా కాలానికి. కాబట్టి లెక్క ప్రకారం పందికొక్కు ఆ బ్యాండికూట్‌కి కన్నా మనకే దగ్గర చుట్టం. ఇది చెబితే మా అక్క ఫోన్ పెట్టేసింది.

నోరు తెరిచి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. పందికొక్కుకి ముందు పళ్ళు పైన రెండు, కింద రెండు. అవి బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, అందుకే అది ఏదో ఒకటి కొరుకుతూనే ఉండాలి. వరి దుబ్బు, గోనె సంచి, చెక్క తలుపు, ఏదైనా సరే. బ్యాండికూట్‌కి పైన ముందు వైపు చిన్న చిన్న పళ్ళు 10, కింద 6. అది తలుపు కొరకదు, వైర్ కొరకదు. పురుగుల్ని పట్టి నమలడానికి పనికొచ్చే పళ్ళు అవి. వెనక కాలికి రెండు వేళ్ళు కలిసిపోయి ఉంటాయి, వాటితో ఒళ్ళు దువ్వుకుంటుంది.

ఇప్పుడు రెండిటి బతుకూ పక్కపక్కన పెట్టి చూద్దాం. ముందు మనది.

మన డెల్టాలో వరి చేలల్లో ఎక్కువగా ఉండేది చిన్న పందికొక్కు. ఇళ్ళ దగ్గర, కాలవ గట్ల మీద కనబడే బాగా పెద్ద రకం ఇంకోటి ఉంది. మనం రెండిటినీ పందికొక్కు అనే అంటాం. వెంటపడితే వెంట్రుకలు నిక్కబొడుచుకుని పందిలా గురగురమంటుంది. ఆ పేరు ఊరికే రాలేదు. ఆడది చూలు మోసేది సుమారు 3 వారాలు. ఈతకి ఆరు, ఏడు పిల్లలు మామూలు, ఒక్కోసారి పది దాటతాయి. కళ్ళు లేని ఎర్రటి పిల్లలు, ఒంటిమీద నూగు కూడా ఉండదు. నెల తిరిగేసరికి పాలు మానేస్తాయి. మూడు నెలలకి అవి కూడా పిల్లలు పెట్టడానికి సిద్ధం. ఈలోగా తల్లి మళ్ళీ కట్టి ఉంటుంది. లెక్క మీరే వేసుకోండి.

దానికి మన గోదావరి జిల్లాలంటే ఎందుకంత ఇష్టం? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. అప్పట్నుంచి కాలవలు, వాటి గట్లు, చేలగట్లు. నీళ్ళు నిలబడే పొలంలో ఎప్పుడూ ఆరి ఉండే చోటు గట్టే. పందికొక్కుకి అది రెడీమేడ్ ఇల్లు. తిండి సంగతా? సార్వా అయిపోయేసరికి దాళ్వా నాట్లు పడతాయి. వరి పొట్ట మీదకి వచ్చినప్పుడు, కంకి వేసినప్పుడు అది దుబ్బుల్ని ఏటవాలుగా కోసి లోపలికి లాక్కుపోతుంది. తినేది తింటుంది, మిగతాది కన్నంలో గదులు చేసి దాస్తుంది. మా నాయనమ్మ చెప్పేది, కోతలయ్యాక కూలోళ్ళు గట్లు తవ్వి ఆ కంకులు ఏరుకునేవారట, ఒక్కో కన్నంలో కిలోల కొద్దీ వడ్లు. మన భాషలో గాదె కింద పందికొక్కు అని అవినీతిపరుల్ని తిట్టేది ఇందుకే. వాడు ఎత్తుకుపోతే తినడానికి కాదు, దాచడానికి.

ఇంకో నష్టం చాలామంది చెప్పరు. రాత్రి గట్టు తొలిచేస్తే పొద్దున్నకి చేలో నీళ్ళన్నీ పక్క చేలోకి పోతాయి. నీటి ఎద్దడి రోజుల్లో దాని మీద అన్నదమ్ములు కూడా మాట్లాడుకోవడం మానేస్తారు. మా ఇంట్లో జరిగింది, పేర్లు వద్దులెండి.

అందుకని మనవాళ్ళు వాటితో చెయ్యని యుద్ధం లేదు. వెదురు బుట్టలు పెడతారు, కుండలో గడ్డి కాల్చి కన్నంలోకి పొగ ఊదుతారు, మందు ఎర పెడతారు. పశ్చిమ గోదావరిలో మార్టేరు వరి పరిశోధన స్థానంలో ఎలకల మీద ప్రత్యేకంగా పనిచేసేవాళ్ళు ఉన్నారు. ఊరంతా కలిసి ఒకే రోజు చెయ్యండి అంటారు వాళ్ళు. నిజమే, ఒక్కడే మందు పెడితే పక్క చేలోవి వారంలో ఆ కన్నాల్లోకి కాపురానికి వచ్చేస్తాయి. ఈ విషయంలో నేను రైతు పక్షమే, మొహమాటం లేదు. కాకపోతే మందు తిన్న ఎలకని తిని గుడ్లగూబలు, జెర్రిపోతులు పోతే నష్టం మనకే, అవి జీతం లేకుండా ఎలకలు పట్టే పనివాళ్ళు.

ఇక్కడ ఒక్క మాట, ఇది స్కిప్ చెయ్యకండి. ఎలకలు, పందికొక్కుల మూత్రం కలిసిన నీళ్ళలో దెబ్బ తగిలిన కాళ్ళతో దిగితే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం రావచ్చు. మా మామయ్యకి వచ్చింది. పిక్కలు విపరీతంగా నొప్పి, కళ్ళు ఎర్రబడ్డాయి. మామూలు జ్వరమని నాలుగు రోజులు బిళ్ళలు వేసుకున్నాడు. గట్లు సరిచెయ్యడానికి నీళ్ళలో దిగానని ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు. కళ్ళు పచ్చబడ్డాక పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. బతికాడు. పొలంలో దిగినవాళ్ళకి జ్వరం వస్తే డాక్టర్‌కి ఆ సంగతి ముందే చెప్పండి. తొందరగా గుర్తిస్తే మామూలు యాంటీబయాటిక్స్‌తోనే తగ్గుతుంది.

సరే, సిడ్నీ వెళ్దాం.

బావ పెరట్లోది పొడుగు ముక్కు బ్యాండికూట్. సిడ్నీ ఉత్తరం వైపు పెరళ్ళలో తిరిగేది అదే. బరువు కిలోకి అటూ ఇటూ. పగలు గడ్డీ ఆకులూ కప్పుకుని నేల మీదే ఒక చిన్న గుంటలో పడుకుంటుంది. చీకటి పడ్డాక బయటికొస్తుంది. ఒంటరి జీవి. జత కట్టడానికి తప్ప ఇంకో బ్యాండికూట్ మొహం చూడదు. ముక్కుతో వాసన పట్టి, ముందు కాళ్ళతో గోకి, ఆ గరాటు గుంటలో మూతి దూర్చి వేరు పురుగులు, వానపాములు, భూమిలోని పుట్టగొడుగులు తింటుంది. అంటే బావ లాన్‌ని పాడుచేసే పురుగుల్ని తింటోందన్నమాట. ఆయన దాన్ని చంపుదామనుకున్నాడు.

దాని పుట్టుక సంగతి చదివినప్పుడు మాత్రం నేను కుర్చీలోంచి లేచాను. ఆడది చూలు మోసేది పన్నెండున్నర రోజులు. రెండు వారాలు కూడా కాదు. పాలిచ్చే జంతువులన్నిట్లో ఇంత తక్కువ రోజులు మోసేవి వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. పుట్టిన పిల్ల బరువు సుమారు పావు గ్రాము. మన స్వర్ణ వడ్లు, అదేనండి మార్టేరు వాళ్ళు తయారు చేసిన ఎం.టి.యు. 7029, ఓ డజను గింజలు అరచేతిలో వేసుకోండి. అంతే పిల్ల.

అంత పిల్ల సంచిలోకి ఎలా వెళ్తుంది? కంగారూ పిల్లయితే తల్లి బొచ్చు పట్టుకుని పాకుతూ పైకి పోవాలి. బ్యాండికూట్‌కి ఒక సదుపాయం ఉంది. సంచి జంతువుల్లో చాలావాటికి మనలాగా గట్టి మాయ ఏర్పడదు. వీటికి చివరి రోజుల్లో ఏర్పడుతుంది. పిల్ల బయటికొచ్చాక కూడా సన్నటి బొడ్డుతాడు కాసేపు తల్లికి తగిలించే ఉంటుంది. తాడు కట్టుకుని బావిలోకి దిగినట్టు ఆ తాడుతో సంచిలోకి జారి చన్ను నోట్లో పట్టుకుంటుంది. అప్పుడు తాడు ఊడుతుంది.

సంచి కూడా కంగారూదిలా పైకి తెరుచుకోదు. వెనక్కి తెరుచుకుంటుంది. ఎందుకంటే ఇది రోజంతా, సారీ, రాత్రంతా ముందు కాళ్ళతో మట్టి వెనక్కి తన్నే జంతువు. సంచి ముందుకి తెరిచి ఉంటే పిల్లల కళ్ళల్లో మట్టే.

లోపల చన్నులు 8. పిల్లలు మామూలుగా రెండో మూడో. మరి మిగతా చన్నులు ఎందుకు? ఇది నాకు బాగా నచ్చింది. పిల్లలు 50 రోజులు సంచిలో ఉంటాయి. ఆ చన్నులు పిల్లలతో పాటు సాగి పెద్దవవుతాయి. సంచిలోవి బయటికి రాబోయే సమయానికి తల్లి మళ్ళీ జత కడుతుంది. పన్నెండున్నర రోజుల్లో కొత్త ఈత. 60 రోజులకి పెద్ద పిల్లలు పాలు మానేస్తాయి, ఆ వెంటనే కొత్తవి పుడతాయి. పావు గ్రాము పిల్ల నోట్లో ఆ సాగిన చన్ను పట్టదు. ఖాళీగా ఉన్న చిన్న చన్నులు పట్టుకుంటాయి. ఒక బ్యాచ్ దిగుతుంటే ఇంకో బ్యాచ్ ఎక్కే బస్సు లాగా.

అంటే వేగంలో మాత్రం మన పందికొక్కుకి కాస్త పోలిక ఉంది, ఆ ఇంగ్లీషాయన మరీ తప్పు పేరు పెట్టలేదేమో అని నాకు ఒక్క క్షణం అనిపించింది. కానీ పందికొక్కు ఈతకి ఏడు పెడితే ఇది రెండు మూడు. ఆయుష్షు రెండు మూడేళ్ళు. ఆ పిల్లల్లో కూడా చాలావరకు పెద్దవి కావు. నక్క, పిల్లి, కారు.

నక్క అక్కడిది కాదు. 19వ శతాబ్దంలో వేట సరదా కోసం ఇంగ్లండ్ నుంచి తెచ్చి వదిలారు. నేల మీద గడ్డి కప్పుకుని పడుకునే జంతువుకి నక్కంటే ఏంటో తెలీదు. క్రాష్ జాతి ఉంది కదా, తూర్పు చారల బ్యాండికూట్, దాని కథ వినండి. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో తగ్గిపోతూ తగ్గిపోతూ 1980ల నాటికి విక్టోరియా రాష్ట్రంలో హామిల్టన్ అనే ఊరి చుట్టుపక్కల మాత్రమే మిగిలింది. అక్కడ కూడా చెత్త డంపింగ్ యార్డులో, తుప్పు పట్టిన పాత కార్ల కింద దాక్కుని బతికాయి, నక్క అక్కడికి దూరలేదు కాబట్టి. తర్వాత కంచెలు కట్టి పెంచారు, నక్కలు లేని ద్వీపాల్లో వదిలారు, 2017లో ఫిలిప్ ఐలాండ్‌లో, 2019లో ఫ్రెంచ్ ఐలాండ్‌లో. 2021లో విక్టోరియా దాని పేరుని అడవిలో అంతరించినవాటి జాబితా నుంచి ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోకి మార్చింది. ఇంత చేస్తే ప్రమాదంలోకి ప్రమోషన్ వచ్చింది.

ఇంకో రకానికి ఆ అదృష్టం కూడా లేదు. ముందు కాళ్ళకి గిట్టల్లా రెండే వేళ్ళు ఉండేవి. దానికి ఇంగ్లీషులో పెట్టిన పేరు తెలుగులోకి మారిస్తే పంది కాళ్ళ పందికొక్కు. ఒకే పేరులో రెండు పందులు, తెలుగు రాకపోతే ఇంతే సంగతులు. ఇప్పుడది లేదు, మ్యూజియంలో చర్మాలు ఉన్నాయంతే.

ఇదంతా బావకి చెప్పాను. ఆయన పాయింట్ ఆయనకి ఉంది. లాన్ పాడవుతోంది, పైగా వాటి ఒంటిమీద పిడుదులుంటాయి, పిల్లాడు ఆడుకునే చోటు. పిడుదుల భయం అబద్ధం కాదు, అక్కడ కుట్టే రకం ఒకటి ప్రమాదకరమైందే. గడ్డి పొట్టిగా కత్తిరించు, ఆడి వచ్చాక పిల్లాడి ఒళ్ళు చూడు, మరీ అవసరమైన చోట కింద గ్యాప్ లేకుండా మెష్ కట్టుకో అన్నాను. మందు మాత్రం వద్దు. ఎలకల కోసం పెట్టిన ఎర ఇది తిన్నా చస్తుంది. పైగా అక్కడ స్థానిక జంతువుల్ని చంపడం చట్టప్రకారం నేరం. సిడ్నీలోనే నార్త్ హెడ్ అనే చోట మిగిలిన ఈ పొడుగు ముక్కువాటిని ప్రమాదంలో ఉన్న గుంపుగా ప్రకటించి కాపాడుకుంటున్నారు. అక్కడున్న మన తెలుగువాళ్ళు ఎవరైనా ఇది చూస్తుంటే, పిల్లిని రాత్రిపూట ఇంట్లోనే ఉంచండి.

బావ మందు పెట్టలేదు. పెరట్లో కెమెరా పెట్టాడు. మొదటి క్లిప్‌లో పొడుగు మూతి, గోకుడు, లైట్ పడగానే పిల్లల కీచుబొమ్మ నొక్కినట్టు ఒక అరుపు. మొన్న ఇంకోటి పంపాడు. అందులో మూడున్నాయి. ఒకటి పెద్దది, దాని వెనక చెరో పక్కా రెండు చిన్నవి. సంచి దిగి ఎన్నో రోజులై ఉండదు. మా మేనల్లుడు రెండిటికీ క్రాష్ అనే పేరు పెట్టాడు.

నాన్నకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చూశారు.

"వరి జోలికి రావు కదా?"

"రావు నాన్నా, పురుగులు తింటాయి."

"అయితే ఒకటి మన చేలో వదిలెయ్యమను" అని ఫోన్ ఇచ్చేశారు.

వచ్చే వారం వరదల ఎపిసోడ్, ఈసారి ఖాయం. ఉంటానండి.